వడగండ్ల పంచమి

కొత్త కోడలు కాలు పెట్టిన రోజే వడగండ్లు పడితే ఆ కోడలి గతి ఏమవుతుందో నన్నడగండి. జ్యేష్ఠ శుద్ధ పంచమి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి వేసవి. మా పుట్టిల్లు కురిచేడు, అత్తగారిది గిద్దలూరు దగ్గర పల్లె. రైలు దిగేటప్పటికి రోళ్లు పగిలే ఎండ. గడపలో బియ్యం చెంబును కుడికాలితో తోసి లోపలికి వచ్చానో లేదో, నల్లమల వైపు నుంచి గాలి లేచింది. ఆ వెనకే రాళ్లు. నిమ్మకాయలంత కొన్ని, కొబ్బరి చిప్పలంత కొన్ని. పెళ్లి పందిరి కూలిపోయింది. దొడ్డిలో ఉన్న గొర్రెలు సగానికి సగం చచ్చిపోయాయి. అంతటి వడగండ్ల వాన తామెన్నడూ చూడలేదని ఊళ్లో ముసలివాళ్లు కూడా అన్నారు.

నేనేమో ఒక రాయిని కొంగులో పట్టుకుని, ఎంత చల్లగా ఉందో అని మురిసిపోతున్నాను. చిన్నపిల్లను, నాకేం తెలుసు? మా అత్త తడిసిన బట్టలతో దొడ్డిలోంచి వచ్చింది. నా కాళ్ల వంక చూసింది.

ఆ చూపు ఏడాదిపాటు పోలేదు. బర్రె ఈనేటప్పుడు నన్ను వంటింట్లోంచి కదలనివ్వలేదు. సజ్జలు ఆరబోసిన చాప దాటబోతే, "చుట్టూ తిరిగి పో పిల్లా" అనేది. పాలు విరిగితే ముందు నేనెక్కడున్నానో చూసేది, తర్వాతే కుండ కడిగామో లేదో చూసేది. పైకి మాత్రం ఒక్క మాట అనదు. అదే నా మంట. అంటే తిరిగి అనొచ్చు గదా! ఇక మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. "మాయమ్మ ఏమన్నా అన్నిందా?" అని అడిగేవాడు. లేదు అంటే, "మరింకేంది?" అని పక్కకు తిరిగి పడుకునేవాడు.

ఉండగా ఉండగా నాకూ అందరి మీదా అనుమానమే. బావి దగ్గర ఇద్దరు గొంతు తగ్గించారంటే నా గురించే. మామ దగ్గితే అది అత్తకు సైగ. బంధువులెవరైనా పెళ్లీడు పిల్లను వెంటబెట్టుకుని వస్తే తలుపు చాటు నుంచి ఆ పిల్లనే చూస్తుండేదాన్ని. మొదటి పెళ్లాన్ని పుట్టింట్లో వదిలేసి రెండోదాన్ని తెచ్చుకున్నవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు మరి.

మళ్లీ జ్యేష్ఠం వచ్చింది. పంచమి ఇంకా రాకముందే అత్త నా ట్రంకుపెట్టె తెచ్చి ముందర పెట్టింది.

"మీ అమ్మను చూసి ఏడాదాయె. పోయి, పంచమి దాటినాక రా."

"పంచమి దాటినాకే ఎందుకత్తా?"

"అట్ల ఎదురడగొద్దు. పోయి రా."

మామ కురిచేడు దాకా తోడొచ్చి, మా ఇంట్లో మజ్జిగ తాగి, తిరుగు రైలెక్కాడు. పంచమి నాడు కురిచేడులో చినుకు లేదు. నేను అరుగు మీద కూర్చుని పడమటి ఆకాశం చూస్తూ, అక్కడ రాళ్లు పడాలని మొక్కుకున్నాను. పాపం తగిలితే తగలనీ. నేను లేనప్పుడు కూడా పడితేనే గదా నా తప్పు కాదని తేలేది!

ఆ తర్వాత మా మేనమామ గిద్దలూరు సంతకు పోయి వస్తూ కబురు తెచ్చాడు.

"మీ అత్తోళ్ల ఊళ్లో పంచమి నాడు మంచి వాన పడిందంట మ్మే. వాగు పారతా ఉంది. విత్తనాలు అయిపోయేదాకా నిన్ను ఈడనే ఉండమని మీ అత్త చెప్పి పంపినాది."

మా అమ్మ చెరుగుతున్న చేట కింద పెట్టేసింది. నేనున్నప్పుడు రాళ్లు, లేనప్పుడు వాన! ఇంకేం కావాలి వాళ్లకు? విత్తనాలయ్యాక కలుపు అంటారు, కలుపయ్యాక కోత అంటారు, ఆ లోపల ఎవరో ఒక పిల్లను చూసి పెట్టుకుంటారు. నేను ఆగదలచుకోలేదు. మరుసటి పొద్దున మా నాయన తిడుతూనే స్టేషనుకు వెంట వచ్చి, తిడుతూనే టికెట్టు కొని రైలెక్కించాడు.

గిద్దలూరులో దిగి బురదలో నడుచుకుంటూ ఊరు చేరాను. వాకిట్లో కాడి కట్టిన ఎద్దులు, విత్తే గొర్రు, అత్త చంకలో సజ్జల గంప. సరిగ్గా చేనికి బయలుదేరుతున్నారు.

"ఎవురు రమ్మనిరి నిన్ను?" అంది అత్త.

"ఎవురూ రమ్మన్లే. నా ఇంటికి నేనొచ్చినా. రాళ్లు పడినప్పుడు నా కాలు మంచిది కాదనుకుంటివి గదా అత్తా, ఈ వాన ఎవరి కాలు?"

"వాన దేవుడు కురిపిచ్చినాడు."

"రాళ్లు గూడా ఆయనే కురిపిచ్చినాడు. మరి ఆయన్ని పంపు పుట్టింటికి!"

మామ తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో, ఏమో. ఆ ఏడాది మొత్తంలో నాకు ఆయన నుంచి దొరికిన ఆసరా అంతే.

ఆ ఇంట్లో మొదటి పిడికెడు విత్తనం కోడలే వెయ్యాలి, అది ఆనవాయితీ. అత్త గంప వదల్లేదు. నేనే లాక్కున్నాను. ఎద్దుల వెనకాల చేనికి పోయి, అందరూ చూస్తుండగా పిడికెడు సజ్జలు గొర్రులో పోశాను.

గెలిచాననే అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మొలవకపోతే? రోజూ పొద్దున్నే చేనికి పోయేదాన్ని, గట్టు మీదే ఆగిపోయేదాన్ని. చేలోకి దిగవద్దని నాతో ఎవరూ చెప్పలేదు. కాళ్లు ఆడేవి కావు, అంతే.

ఒక పొద్దున చూస్తే చేనంతా సాళ్లు సాళ్లుగా మొలిచి ఉంది. ఎప్పుడు వచ్చిందో, అత్త నా వెనకాలే ఉంది.

"బాగా మొలిచినాయి గదా, దిగి చూడవేమే?" అంది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "నా కాలు తగిలితే ఎండిపోతాయేమో అత్తా" అన్నాను.

ఏడాదిపాటు మా అత్త నోట ఆ మాట రాలేదు. చివరికి అన్నది నేనే.