ఎవరూ లేని చోట పడిన బంతి

ఎల్డన్ హావ్లిక్ ఇరవై రెండేళ్లుగా నెబ్రాస్కా బడుల్లో, బంతి చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్‌కు రెఫరీ. మిగతా రోజుల్లో విత్తనాలు అమ్ముతాడు. శుక్రవారం ఆటల్లో ప్రధాన రెఫరీ తెల్ల టోపీ పెట్టుకుని, బంతి విసిరేవాడి వెనక నిలబడతాడు. విసిరేవాడిని ఎవరైనా ఆలస్యంగా గుద్దుతారేమో చూడటం అతని పని. కాబట్టి బంతి ఎక్కడ పడిందో అతను చూడడు.

ఎదుటి జట్టుకు దొరికిపోబోతున్న కుర్రాడు తన జట్టువాడెవడూ లేని చోటికి బంతి విసిరేస్తే తప్పు. అక్కడ ఎవరైనా ఉన్నారా లేదా అన్నది గీత దగ్గర నిలబడే తోటి రెఫరీ మెర్ల్ స్టూర్ పరుగెత్తుకొచ్చి చెప్పాలి. మెర్ల్ చెబితే ఎల్డన్ తప్పు జరిగిందని పసుపు జెండా విసురుతాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎదురు ప్రశ్న వేయలేదు.

ఆగస్టులో మెర్ల్, షుగర్ వల్ల ఎడమ కన్ను మసకబారిందని ఎల్డన్ ఒక్కడికే చెప్పాడు.

"పైవాళ్లకి చెప్పకురా. కుడిది బాగానే ఉంది. కనబడకపోతే నేనే మానేస్తా."

"నేనెందుకు చెప్తాను?" అన్నాడు ఎల్డన్.

నవంబరులో నాకౌట్ ఆట. నిమిషం మిగిలింది. రెండు పాయింట్లు వెనకబడిన జట్టు కుర్రాడు, మీద పడబోతున్న ఇద్దరిని చూసి బంతి ఎడమవైపు గిరాటేశాడు. మెర్ల్ రొప్పుతూ వచ్చాడు.

"అక్కడ ఎవరూ లేరు."

ఎల్డన్ చెయ్యి జెండా మీదికి వెళ్లింది. గీత అవతల నుంచి ఆ కుర్రాడి కోచ్ అరిచాడు: "ఏం సార్, మీ ముసలాయనకి కళ్లజోడు మేం కొనిపెట్టాలా?"

"నిజంగా చూశావా?" అన్నాడు ఎల్డన్.

మెర్ల్ అతని ముఖంలోకి చూశాడు. "చూశాను."

ఎల్డన్ జెండా తీయలేదు. తప్పేమీ లేదు, బంతి అందలేదంతే అని చేతులు ఊపాడు. మరో రెండు ప్రయత్నాల తర్వాత ఆ కుర్రాడి జట్టు మూడు పాయింట్ల గోల్ తన్ని గెలిచింది. ఓడినవాళ్లలో, బడిలో ఆఖరి ఏడు చదువుతున్న పదకొండు మందికి అదే ఆఖరి ఆట.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఎల్డన్ వంటింటి బల్ల దగ్గర ఆ ఆట వీడియో చూశాడు. బంతి పడిన చోట ఉత్త గడ్డి. ఆ కుర్రాడి జట్టులో అందరికన్నా దగ్గరున్నవాడు పదిహేను గజాల దూరంలో అటు తిరిగి ఉన్నాడు.

ఎల్డన్ వెళ్లేసరికి మెర్ల్ తన ఇంటి ముందు పికప్ ట్రక్కు కడుగుతున్నాడు.

"వీడియో చూశాను. నువ్వన్నదే నిజం."

"నాకు తెలుసు."

"ఇంకోసారి అడగనురా."

"అడగవు. మనసులో అనుకుంటావు. వేరేవాణ్ణి చూసుకో."

మెర్ల్ నీళ్ల పైపు తిప్పాడు. ఎల్డన్ వచ్చేశాడు.

సోమవారం రెఫరీలను పంపే ఆఫీసుకు ఫోన్ చేసి, గీత దగ్గరికి కొత్త మనిషి కావాలన్నాడు.

"స్టూర్ మానేశాడా? ఎందుకట?"



"కళ్లు," అన్నాడు ఎల్డన్.