పెట్టె కింద మరక

నా చిన్నప్పుడు మేము పలాసలో ఒక పెంకుటింటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్లం. అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. పిక్కల్లోంచి కారే జీడికి ఆమె అరచేతులు నల్లబడిపోయాయి, ఎంత తోమినా ఆ నలుపు వదిలేది కాదు. నాన్నకు టెక్కలిలో పని దొరకడంతో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అక్కడొక ఇల్లు మాట్లాడుకున్నాం గాని, ఇక్కడి అడ్వాన్సు చేతికొస్తేనే అందులో దిగగలం.

సామాను బయట పెట్టాక ఇంటావిడ చూడటానికి వచ్చింది. మా చాప తీసిన చోట గచ్చు మీద నల్లటి జీడి మరక ఉంది. గచ్చు మళ్లీ చేయించాలి, అడ్వాన్సు ఇవ్వనంది. పిక్కలు ఏనాడూ ఇంటికి తేలేదని, మేం దిగేనాటికే ఆ మరక ఉందని అమ్మ చెప్పింది.

"నీ సేతులు సూత్తే తెలీదేటి," అంది ఆవిడ.

అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

మా నాయనమ్మ మాత్రం గొంతు పెంచలేదు. నీళ్లూ కొబ్బరిపీచూ తెచ్చుకుని మరక దగ్గర చతికిలబడింది. పక్కనే గోడవారన ఇంటావిడ పాత చెక్కపెట్టె ఉండేది. మేం వచ్చిన దగ్గర్నుంచి దాన్ని కదపలేదు.

"అమ్మా, నీ పెట్టి జరపడానికి ఓ సెయ్యెయ్యి. దాని కిందా తోమీసి ఎల్తాం," అంది.

ఇద్దరూ కలిసి జరిపారు. మరక పెట్టె కిందంతా పరుచుకుని ఉంది. బయట కనిపించింది దాని అంచు మాత్రమే. నేను నోరు తెరవబోతే నాయనమ్మ నా కాలు గిల్లి, ఏమీ ఎరగనట్టు తోముతూ కూర్చుంది.

ఇంటావిడ మెల్లగా నాయనమ్మ పక్కన కూలబడింది.

"ఇది మాయత్త కూకునే సోటప్పా. ఇక్కడే పిక్కలు కొట్టీది. మరిసిపోనాను," అంది. అప్ప అంటే మా వైపు అక్క. అన్నాళ్లలో ఆవిడ నాయనమ్మను అలా పిలవడం అదే మొదలు.

"ఉండనీ తల్లీ. తోమినా పోదులే," అంది నాయనమ్మ.

ఆవిడ అడ్వాన్సు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఆ నల్లటి చేతిని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు నా ఇంట్లోనూ ఒక భాగం అద్దెకిస్తున్నాను. ఎవరైనా ఖాళీ చేసే రోజున గచ్చు మీద మరకో గీతో కనబడితే మాట నాలిక చివరిదాకా వస్తుంది. నాయనమ్మ గిల్లిన చోట కాలు చురుక్కుమంటుంది. నోరు మూసుకుని, ముందు ఆ భాగంలో ఉంచిన నా బీరువా జరిపి చూసుకుంటాను.