ఎడమ చెయ్యి చెవికి అందలేదు

మొన్న మా ఇంటికి సర్వే పిల్లవాడు వచ్చాడు. సిద్దిపేటలో మా గల్లీ అంతా తిరిగి, ఎండకు వాడిపోయి, చేతిలో ఫోనుతో గుమ్మంలో నిలబడ్డాడు. పేరు అడిగాడు, పుట్టిన తారీఖు అడిగాడు. చదువు అడగలేదు. నా ధోవతినీ నా చేతిలోని చీపురునూ చూసి తనే ఏదో నొక్కేశాడు. అద్దాలు సవరించుకొని ఆ ఫోనులోకి తొంగి చూశాను. ‘నిరక్షరాస్యుడు’ అని ఉంది.

"ఎవర్ని అడిగి నొక్కినవు బిడ్డా?"

"ఏదో ఒకటి నొక్కకుంటే ముందటికి పోదు తాతా."

నాకు కోపం తొందరగా వస్తుంది, కాదనను. కానీ ఇది ఆ కోపం కాదు. నా పేరు పక్కన ఏం రాయాలన్నది డెబ్బై ఏళ్ల కిందటే ఒక మనిషి తేల్చాడు. అది తేల్చడానికి ఆయన ఎవరికి ఎదురు నిలబడ్డాడో నేను కళ్లారా చూశాను. దాన్ని ఈ పిల్లవాడు ఒక్క బొటనవేలితో చెరిపేస్తే ఎట్లా ఊరుకుంటాను?

మా ఊరు హుస్నాబాద్ పోయే తోవలో ఉంటుంది. మా బాపు పటేల్ దగ్గర జీతగాడు. అంటే ఏడాది పొడుగునా పని ఆయన పొలంలో, ఆయన కొట్టంలో. జీతగాడి కొడుకు పాలపళ్లు ఊడే వయసుకు దూడల వెంట పోవాలి. దానికి ఎవరూ ఎవరినీ అడిగేది లేదు. ఆ యేడు తొలకరికి నా వంతు వచ్చింది.

నన్ను కన్న మా అవ్వ మనసులో మాత్రం వేరే ఉంది. ఊళ్లో బడి అంటే ఒక గది, ఒక సారు. సారు రోజూ సిద్దిపేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. సన్నటి మనిషి, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. ఒకరోజు అవ్వ ఆయన సైకిల్‌కు అడ్డం నిలబడింది.

"సారూ, నా కొడుకును బడిల ఏసుకో. పేరెక్కితే పటేలు తీస్కపోడు."

"ఎన్నేండ్లు వానికి?"

"పెద్దబాయి కూలిన యేడు పుట్టిండు."

"పెద్దబాయి ఎప్పుడు కూలింది?"

"వీడు పుట్టిన యేడే సారూ."

కూలిన బావితో లెక్క తేలదని సారు నవ్వాడు. వయసు తెలియని పిల్లలకు అప్పట్లో ఒక కొలత ఉండేది. చెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి అవతలి చెవిని పట్టుకోవాలి. అందితే బడి ఈడు వచ్చినట్టు. అందకపోతే వచ్చే యేడు రమ్మనేవాళ్లు. "పదిహేను రోజులకు పేర్లు రాస్త. తోల్కరా" అని సైకిల్ ఎక్కాడు.

నేను పొట్టివాణ్ణి. నా వేళ్లు చెవికి బెత్తెడు దూరంలోనే ఆగిపోయేవి. ఇక చూడండి, అవ్వ రోజూ పొద్దున్నే ఆముదం రాసి నా చెయ్యి పట్టి గుంజడం మొదలుపెట్టింది. గుంజితే సాగుతుందని ఆమె నమ్మకం. నేను ఏడ్చేవాణ్ణి. "ఓర్సుకో కొడుకా, జరంత సాగితే చాలు" అనేది. చెయ్యే సాగిందో, భుజమే వదులైందో, పద్నాలుగో రోజుకు నా నడిమి వేలు చెవి కొసను తాకింది. అవ్వ సంబరం పట్టలేక వాడంతా చెప్పుకుంది. చెప్పుకోకుండా ఉండాల్సింది.

పేర్లు రాసే రోజు పటేల్ స్వయంగా బడికి వచ్చాడు. ఆ గది ఆయనదే, మునుపు గడ్డి పెట్టుకునేవాడు. ఉన్న ఒక్క కుర్చీలో ఆయన కూర్చుంటే సారు నిలబడే రిజిస్టర్ తెరిచాడు. గుమ్మం బయట ఇరవై మంది దాకా తల్లిదండ్రులు ఉన్నారు. బాపు చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. అవ్వ గోడ చాటున ఉంది, ఆమె చీర కొంగు ఒక్కటే నాకు కనపడుతోంది.

నా వంతు రాగానే కుడి చెయ్యి ఎత్తి నెత్తి మీదుగా పోనిచ్చాను. వేలు చెవికి తగిలింది. సారు కలం సిరాలో ముంచాడు.

"ఆగు పంతులూ" అన్నాడు పటేల్. "గా చెయ్యి సంగతి ఊరందరికీ ఎర్కే. ఆముదం పెట్టి గుంజిన్రట. ఏదిరా, గీ చెయ్యితోని ముట్టు."

అవ్వ గుంజింది కుడి చెయ్యి ఒక్కటే. అన్నం తినేదీ అక్షరం రాసేదీ ఆ చేతితోనే కదా, ఎడమ చెయ్యి సంగతి ఆమెకు తట్టనే లేదు. ఎడమ చెయ్యి ఎత్తాను. అందలేదు. మెడ వంచాను.

"మెడ వంచకు!"

నిటారుగా నిలబడి మళ్లీ ఎత్తాను. వేళ్లు జుట్టులోనే తిరుగుతున్నాయి. చెమటకు ఆముదం కరిగి కళ్లలోకి కారింది. గోడ చాటున కొంగు కదలడం ఆగిపోయింది.

"చూసినవా?" అన్నాడు పటేల్ లేస్తూ. "ఇంక పసోడే. వచ్చే యేడు చూద్దాం తియ్యి. రేపటి సంది దూడల కాడికి రమ్మను."

"అట్లనే, నీ బాంచెన్" అన్నాడు బాపు.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాపును తప్పుపట్టను. ఆయన ఇంకేం అనగలడు? కానీ ఆ క్షణం నేను సారు ముఖం చూశాను. ఆయన కలాన్ని సిరాబుడ్డి మీద అడ్డంగా పెట్టి, లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు.

"దూడలు ఎన్నున్నయ్ పటేలా?" అన్నాడు ఏదో మాట వరుసకు అడిగినట్టు.

"ముప్పై దాకా ఉంటయ్."

"వాగు దాటియ్యాల్నా?"

"దాటియ్యక? మేత అవుతలనే ఉంటది."

"గింత పసోడు ముప్పై దూడలను వాగు దాటిస్తడా? ఏదన్నా కొట్టుకపోతే?"

పటేల్‌కు రోషం వచ్చింది. "ఎందుకు దాటియ్యడు? ఆరేండ్లు నిండినయ్ వానికి! నా కొట్టంల తిరుక్కుంట పెరిగిండు, నాకెర్కలేదా?"

సారు కలం తీశాడు. పైకి చదువుతూ రాశాడు. "వయసు ఆరేండ్లు నిండినయి. చెప్పినవారు ఊరి పటేల్." రిజిస్టర్ తిప్పి పటేల్ ముందు పెట్టాడు. "గీడ ఒక దస్కత్ చెయ్యున్రి."

బయట ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పటేల్ ముఖం ఎర్రబడింది. పైన దూలాల వైపు చూశాడు.

"గీ గది నాది. ఎర్కేనా పంతులూ?"

"ఎర్కే పటేలా. రిజిస్టర్ సర్కారుది."

"పసోడని నేనే అంటి కదా."

"బడికి పసోడు దూడలకు పెద్దోడు ఎట్లయితడు? రెండిట్ల ఏదో ఒకటి చెప్పున్రి, గదే రాస్త."

సారు గొంతు పెరగలేదు. రిజిస్టర్ అంచును ఆయన వేళ్లు వదలనూ లేదు. నా ఎత్తుకు అవే ఎదురుగా ఉన్నాయి. పటేల్ గుమ్మం వైపు చూశాడు. ఇరవై మందీ విన్నారు. పసివాడంటే దూడలకూ పనికిరాను, పెద్దవాడంటే బడికి పనికొస్తాను. ఆయన కలం లాక్కొని, కాగితం చిరిగేలా సంతకం గీకి, కుర్చీ తన్ని వెళ్లిపోయాడు. ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఊరి ముందు అన్న మాట మింగలేక కావచ్చు, సర్కారు పేరు విని కావచ్చు.

సారు నా ఎడమ చెయ్యి పట్టుకొని మెల్లగా కిందికి దించాడు. దాన్ని అప్పటిదాకా ఎత్తే ఉంచానని నాకే తెలియదు.

పటేల్ ఊరుకోలేదు. నెల తిరక్కుండా గది ఖాళీ చేయించాడు. బడి ఒక రైతు కొట్టం పంచలోకి మారింది. వాన కొడితే సారు రిజిస్టర్‌ను చొక్కా లోపల దాచుకొని తాను తడిసేవాడు. నా వెనక కూర్చొని నా చేతి మీద చెయ్యి వేసి పలక దిద్దించేటప్పుడు లవంగం వాసన వచ్చేది. ఆ వాసన కోసమే కొన్ని అక్షరాలు కావాలని తప్పు రాశాను.

మూడో తరగతిలో ఉండగా ఆయనకు బదిలీ అయింది. ఎవరు రాయించారో ఊరందరికీ తెలుసు. పోయే రోజు సైకిల్ ఆపి, "అచ్చు కనబడ్డ కాడల్ల చదువు. సమజ్ కాకున్నా చదువు. ఆపకు" అన్నాడు. తర్వాతి పంతులు నెలల తరబడి రాలేదు. నేను దూడల వెంట పోయాను. బెల్లం కట్టి ఇచ్చిన కాగితం చదివాను, పొగాకు చుట్టిన కాగితం చదివాను, బస్సుల బోర్డులు చదివాను. పెద్దయ్యాక సిద్దిపేట చేరి, లైబ్రరీలో బెంచీలు తుడిచే పని చేస్తూ అల్మారాకు అల్మారా చదివాను. నాకు ఇంకెవరూ ఏమీ చెప్పలేదు. నా చదువంతా ఆ మూడేళ్ల మీదనే కట్టుకున్నాను.

ఇదంతా సర్వే పిల్లవాడికి గుమ్మంలోనే చెప్పాను. మొదట్లో కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు. పటేల్ కలం లాక్కున్న దగ్గర ఫోను జేబులో పెట్టి విన్నాడు. అంతా అయ్యాక తన ఎడమ చెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి చెవి పట్టుకున్నాడు.

"అందింది తాతా."

"అందుతది. ఇగ గా నిరక్షరాస్యుడన్నది కొట్టెయ్యి."

"ఎంత వరకు రాయాలె?"

"మూడో తరగతి."

అతను జేబులోంచి ఫోను తీసి నొక్కాడు. నా వైపు తిప్పి చూపించాడు. అక్షరం అక్షరం చదువుకొని, గుమ్మంలోంచి పక్కకు జరిగి అతనికి తోవ ఇచ్చాను.