ప్యాడ్ పెట్టిన సార్!

మొన్న నేను చేసిన ఘనకార్యం ఇంటరా? ముందుగాల నవ్వుతరు, తర్వాత తిడ్తరు. తిట్టుండ్రి, ఏమనుకోను.

నేను వైర్‌లెస్ సెట్లు రిపేర్ చేస్తనని తెల్సు గద. నల్లమల గుట్ట మీద రిలే మిషన్ ఉంటది. గుట్ట మీద తప్ప అడవి లోపల ఫోన్లు పలకవు. అడవి కాసేటోళ్ల సెట్ల మాటలు దూరం పోవాల్నంటే ఆ మిషనే దిక్కు. సిగ్నల్ వీక్ అయిందని కంప్లయింట్ వస్తే పొద్దుగాలే పోయిన.

పవర్ కొలిచే మీటర్ కొత్తది. దాని సెన్సర్ల చిన్న డయోడ్ ఉంటది. రేడియో పవర్‌ను అది సన్న వోల్టేజ్ చేస్తది, దాన్ని చూసి మీటర్ సగటు పవర్ చెప్తది. తక్కువ పవరైతేనే లెక్క సక్కగొస్తది. ఎక్కువైతే డయోడ్ ఖతం. ఇదంతా నాకు తర్వాత తెల్సింది, అదే నా కర్మ!

యాంటెన్నా వైరు తీసి, ఆడ సెన్సర్ బిగిచ్చి, మా షాపు ఓనర్ రషీద్ సార్‌కు ఫోన్ కొట్టిన.

"ప్యాడ్ పెట్టినవా?" అన్నడు.

"పెట్టిన సార్!" అన్న. తొడ మీద పరీక్షల ప్యాడ్, దాని మీద తెల్ల కాయితం. మస్తు రెడీగున్న!

"అయితే ఆన్ కొట్టు."

కొట్టిన. మీటర్ల అంకె ఎగిరి సున్నా అయింది.

"సార్, పవరే లేదు!"

"అయ్యో, మిషన్ పోయినట్టుంది. దించుకొని రా."

నాగర్‌కర్నూల్ల షాపుకు తెచ్చినంక సార్ వేరే మీటర్‌తోని చూసిండు. మిషన్ బంగారమోలె ఉన్నది! కాలింది సెన్సర్ల డయోడ్.

"ప్యాడ్ ఏదిరా?"

చూపెట్టిన. సార్ నెత్తి కొట్టుకున్నడు. "అరె, ప్యాడంటె పవర్ తగ్గిచ్చే డబ్బ! సెన్సర్‌కు ముందల పెడ్తరు!"

నేను ఫక్కున నవ్విన. గంతలనే ఫారెస్ట్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

మిషన్ లేని ఆ మధ్యాహ్నమే అడవిల లింగయ్య అనే వాచర్ మీద ఎలుగ్గొడ్డు పడ్డదంట. పక్కనోళ్లు ఎంత పిలిచినా సెట్టు పలకలేదు. దుప్పట్ల ఏసుకొని రోడ్డు దాక మోసుకొచ్చిండ్రు. పానం దక్కింది. కన్ను పోయింది. జల్ది తెస్తే దక్కేదేమో అన్నడు డాక్టర్.

సార్ రాత్రికి రాత్రే మిషన్ ఎక్కిచ్చిండు. తెల్లారి నేను దవాఖానకు పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. ఏడ్పాగలేదు. లింగయ్య గోడ దిక్కు తిరిగిండు. మంచం పక్కన కూసున్న ఆయన పెండ్లాం నన్ను అడిగింది.

"మళ్ల పెట్టిండ్రా మిషను?"

"పెట్టిండ్రు అక్కా. మంచిగ పలుకుతుంది."

"ఎవరు చూసిండ్రు?"

"మా సార్ చూసిండు."

"నువ్వు ముట్టలే గద?"

"లేదక్కా."

"అయితే మంచిదే," అన్నది.