బంతి పట్టుకున్న వేలు

మా తమ్ముడు యుద్ధంలో చనిపోయాడని చెప్పడానికి యూనిఫాంలో ఇద్దరు అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళోని మా ఇంటికి వచ్చారు. అమ్మ వాళ్ళను కూర్చోమని కాఫీ పెట్టబోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

వాడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో కికర్. నిలబెట్టిన బంతిని గోల్ స్తంభాల మధ్యనుంచి తన్నడమే పని. ఒక్క సీజన్ ప్రొఫెషనల్ టీమ్‌కి ఆడాడు. తెలుగువాళ్ళలో అంతదాకా వెళ్ళినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. నేర్చుకున్నది మా తెలుగు చర్చి పార్కింగ్ లాట్‌లో. రెండు లైటు స్తంభాలే గోల్. కోడిగుడ్డులా ఉండే ఆ బంతి కొనమీద వేలు పెట్టి నిలబెట్టేదాన్ని నేను. తన్నే ముందు వాడు ఎడమ చేయి ప్యాంటుకు తుడుచుకునేవాడు. నేను భయంతో కళ్ళు మూసుకునేదాన్ని.

"అక్కా, బాల్‌ని చూడు. నీ వేలికి తగిలితే అమ్మ నన్ను చంపేస్తుంది," అని నవ్వేవాడు. ఒక్కసారీ తగల్లేదు.

"దేవుని మందిరం ముందు ఈ తన్నులాటేంట్రా? కోడింగ్ నేర్చుకో," అని కసిరిన సంఘ పెద్ద అంకులే, ఇప్పుడు చర్చి గోడకు వాడి బ్యానర్ కట్టించాడు. "మన బిడ్డ" అట! ఒక్క కిక్ మిస్సయితే ఇంటికి పంపిన టీమ్, మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో నివాళి అంటోంది. వాళ్ళ కొత్త కికర్ తంతాడట, నేను బంతి పట్టుకోవాలట. సిగ్గుండాలి.

వాడిమీదా కోపమే. ఆర్మీలో చేరతానంటే "నీకెందుకురా?" అని అరిచాను. "ఎవరో ఒకరు వెళ్ళాలి కదక్కా," అన్నాడు. మీరే చెప్పండి, ఆ ఎవరో ఒకరు ఆ అంకుల్ కొడుకు ఎందుకు కాలేదు? టీమ్ ఓనర్ కొడుకు ఎందుకు కాలేదు?

"వెళ్ళవే, వాడి పేరు అందరూ వింటారు," అని అమ్మ బతిమాలింది.

"ఇంకొకడు తన్నడానికి నేను పట్టుకోనమ్మా," అన్నాను. టీమ్‌కి రానని చెప్పేశాను. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి పార్కింగ్ లాట్‌లో అమ్మ కారులోంచి వాడి పాత బంతి తీసింది. చెప్పులు విడిచి, తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"పట్టుకో," అంది.

మోకాళ్ళమీద కూర్చుని వేలు పెట్టాను. అమ్మ ఎడమ చేయి చీరకు తుడుచుకుంది. అప్పట్లో వాణ్ణి చూస్తూనే ఉండేదన్నమాట. నేను కళ్ళు మూసుకోలేదు. అమ్మ కాలు నేరుగా నా వేలికే తగిలింది. బంతి దొర్లుకుంటూ వెళ్ళి అంకుల్ బూట్ల దగ్గర ఆగింది. ఆయన వంగబోయాడు.

"ముట్టుకోకండి!" అని అరిచింది అమ్మ.

కుంటుకుంటూ వెళ్ళి తనే తెచ్చుకుంది. "మళ్ళీ పట్టుకో," అంది.

వేలు అప్పటికే వాచింది. పెట్టాను.