ఇనుప చెయ్యి కథ ఏడ పోయింది?

ఆకాశంల ఓడలు తిరిగే సీరియల్ ఇయ్యాల అయిపోయింది. దీనికి ముందొచ్చిన పాత సీరియల్ల ముసలి కెప్టెన్‌కు ఇనుప చెయ్యి ఉండె. అసలు చెయ్యి ఎట్ల పోయిందో, ఆయన పడుచుతనం చూపే ఈ కొత్త దాంట్ల చెప్తరని ఆదివారాలన్నీ ఎదురుచూసిన.

ఇయ్యాల ఆఖరి భాగం నడిమిట్ల కరెంటు పోయింది. మళ్ల వచ్చేసరికి కెప్టెన్‌కు ఇనుప చెయ్యి! కరెంటోళ్లను కడుపునిండ తిట్టిన.

“దోస్తును కాపాడబోయి చెయ్యి పోగొట్టుకున్నడు కావొచ్చు తీ” అన్నది మా అవ్వ.

పక్కింటి ఖదీర్ భాయ్ బ్యాటరీ మీద మొత్తం చూసిండంటే పోయి అడిగిన.

“ఏం చూపియ్యలే సార్. ‘కొన్నేండ్ల తర్వాత’ అని రాసి, ఇనుప చెయ్యి పెట్టిన్రు, అంతే.”

మా ఇంట్ల ఇగ అవ్వ కథే ఖాయం. నల్గొండల కరెంటు పోనోళ్లు ఎవరన్న వేరే ఏమన్న చూసుంటే జర చెప్పుండ్రి. లేకుంటే రేపు ఓపిక చేసుకొని పోయి కరెంటోళ్లను మాఫీ అడగాలె.