ఆ కేక మాకు అర్థం కాలేదు

ఒమన్‌లో డ్రైవర్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. ఒక సెలవురోజు నేనూ, మా రూమ్‌లో ఉండే కడప మస్తానూ యన్‌కుల్ దగ్గర పాత గనుల కిందున్న వాగులోకి దిగాం. అక్కడి ఇసుకను పళ్లెంలో కడిగితే బంగారు రవ్వలు దొరుకుతాయని విన్నాం; అనుమతి లేకుండా కడిగితే పోలీసులు పట్టుకుంటారనీ విన్నాం.

మడుగు దగ్గర ఇసుక కడుగుతుంటే, గట్టు మీద మేకలు కాస్తున్న ముసలాయన చేతులూపుతూ "వాదీ! వాదీ!" అని అరిచాడు.

"ముసలోడు మనల్ని పట్టిస్తాడు న్నా, దాంకో!" అన్నాడు మస్తాన్. ఇద్దరం వాగులోనే ఓ బండ వెనక నక్కాం.

మా నెత్తిన మబ్బు కూడా లేదు. ఎక్కడో కొండల్లో కురిసిన వాన ఒక్కసారిగా వరదై మీద పడింది. ముసలాయన పరుగున వచ్చి విసిరిన తలగుడ్డ నాకు అందింది. మస్తాన్‌కు అందలేదు. మర్నాడు శవం దొరికింది.

అక్కడ వాగునూ వరదనూ 'వాదీ' అనే ఒకే మాటతో పిలుస్తారని తర్వాత తెలిసింది. మమ్మల్ని బతికించాలని అరిచిన మనిషికి భయపడి దాక్కున్నామే అన్న బాధ ఇప్పటికీ నన్ను వదలదు.